వడ్లకుప్పలు కొండలైన వైనం

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యానికి చుట్టూ సముద్రం, మధ్యలో నేల. ఆ నేల మీద కొండ లేదు, గుట్ట లేదు, ఎక్కి నిలబడి నలుగురిని కేకేయడానికి ఒక దిబ్బయినా లేదు. అరచేయి చాపినట్టు అంతా చదునే. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టకపోతే నాకు కథ సాగదు.

రాజు పేరు గజపాలుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, కత్తి పట్టాడంటే ఎదురు లేదు. నడిపివాడు మణికేతుడు, ఎత్తు వేశాడంటే తిరుగు లేదు. చిన్నవాడు పుష్పకేతుడు. వాడికి, ఏం చెప్పను నాయనా, వాడికి తూర్పేదో పడమరేదో తెలియదు. స్నానానికని బయలుదేరి వంటింట్లో తేలేవాడు. వంటింటికని బయలుదేరి గుర్రాలసాలలో తేలేవాడు. అయితే ఒకటి, దారి తప్పానని వాడికి బొత్తిగా సిగ్గుండేది కాదు. ఎవరు కనబడితే వాళ్ళను అడిగేసేవాడు.

"అవ్వా, నేనెక్కడున్నాను?" అని దారినపోయే ముసలమ్మను అడిగేవాడు.

"మీ ఇంటి గుమ్మంలోనే ఉన్నావు బాబూ!" అని ఆవిడ ముక్కున వేలేసుకునేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఆ ఏడు ఎవరి మడి ముందు పండితే, ఆ మడిలో తొలి కంకులను వాళ్ళు నూర్చరు. కుచ్చుగా అల్లి తమ ఇంటి చూరుకు వేలాడదీస్తారు. అది పిచ్చుకల వాటా. పిచ్చుక ముక్కు దానికి తగిలాకే మనిషి నోట్లో కొత్త మెతుకు పడాలి. ఆ కుచ్చును వడ్లు అని కూడా అనరు. అది పిచ్చుకలది, మనది కాదు, అంతే.

సరే, ఒక ఏడు పంట విరగపండింది. కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. కళ్ళాల నిండా వడ్లు. ఎటు చూసినా గుండ్రంగా, నున్నగా, ఒక దాని పక్కన ఒకటి కుప్పలే కుప్పలు. తినడానికి అందులోనే, విత్తనానికి అందులోనే. మంచిరోజు చూసి కొలిచి గాదెలకెత్తాలి. అంతలో ఏమయిందో తెలుసా? మిట్టమధ్యాహ్నం ఆకాశంలోంచి ఒక మాంత్రికుడు దభీమని కళ్ళంలో పడ్డాడు.

వాడి పేరు కరాళజంఘుడు. తాటిచెట్టంత మనిషి, జడలు కట్టిన జుట్టు, చేతిలో పుర్రె తగిలించిన కర్ర. వాడు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గింజలు తీసి, ఒక్కొక్కటే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇది కాదు" అన్నాడు. ఇంకో కుప్పలో పెట్టాడు. "ఇదీ కాదు" అన్నాడు. ఇంకో కుప్ప దగ్గరకు వెళ్ళి తల గోక్కున్నాడు.

"దీన్ని చూశానా, చూడలేదా?" అని అక్కడున్న రైతులనే అడిగాడు.

రైతులు ఏం చెబుతారు? ఆ మాంత్రికుడు వెతికిన కుప్పే వెతికి, వెతకనిది వదిలేసి, చివరకు జుట్టు పీక్కుని ఒక్క అరుపు అరిచాడు.

"ఒక్క గింజ దంచడానికి వీల్లేదు! ఒక్క గింజ ఉడకడానికి వీల్లేదు! అన్నీ మట్టయిపోండి!"

కర్రను గిరగిరా తిప్పాడో లేదో, నేల గుడగుడమంది. కుప్పలు పొంగాయి. ఇంటెత్తు లేచాయి, తాటిచెట్టెత్తు లేచాయి, ఇంకా లేచాయి. కళ్ళముందే వడ్లు మట్టయ్యాయి, రాయయ్యాయి. కుప్ప ఎలా ఉండేదో అలాగే గుండ్రంగా, కొసన మొనదేలి, ఎన్ని కుప్పలో అన్ని కొండలు. ఏ కొండకూ పక్క కొండకూ తేడా లేదు. కవలపిల్లలనైనా తల్లి గుర్తుపడుతుంది గానీ, ఈ కొండలను ఎవరు గుర్తుపడతారు?

రాజ్యం లబోదిబోమంది. గాదెలు అప్పటికే అడుగంటాయి. సముద్రంలో చేపలున్నాయి, నేలలో దుంపలున్నాయి, ఎలాగోలా కొన్నాళ్ళు గడుస్తుంది. కానీ తొలకరి పడ్డాక ఏం చల్లాలి? ఒక్క విత్తనం గింజ లేదు. వానొచ్చి వెళ్ళిపోతే ఆ నేల ఇక ఎప్పటికీ బీడే. రాజుగారు సింహాసనం మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"వాడి తల తెస్తాను" అని జయకేతుడు కత్తి తీసుకుని కొండల్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఈ కొండ చుట్టూ తిరిగి, ఆ కొండ చుట్టూ తిరిగి, ఎక్కడ తేలాడో ఏమో, ఎదురుగా ఒక కోట కనిపించింది. ఇంకేముంది, అదే మాంత్రికుడి కోట అనుకుని తలుపులు బద్దలుకొట్టాడు. తీరా చూస్తే లోపల వాళ్ళమ్మ దుంపల తొక్క తీస్తోంది! "ఒరే పెద్దాడా, తలుపు తీసే ఉంది కదరా" అంది ఆవిడ.

"బలం కాదు, ఉపాయం కావాలి" అని మణికేతుడు సున్నం కుండ పట్టుకుని బయలుదేరాడు. దాటిన కొండకల్లా సున్నం గీత పెడితే దారి తప్పననుకున్నాడు. కొంతసేపటికి అన్ని కొండలమీదా గీతలున్నాయి. తనే పెట్టాడా, ముందే ఉన్నాయా? అసలు ఇది వెళ్ళే దారా, వచ్చే దారా? పాపం, కుండ నెత్తిన పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు. వెతకబోయిన భటులు ఎత్తుకొచ్చారు.

అప్పుడు పుష్పకేతుడు లేచాడు.

"నాన్నగారూ, నేను వెళ్తాను. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందట. మన నాయనమ్మ చెప్పింది."

సభంతా ఆ ఏడుపులోనే ఘొల్లుమని నవ్వింది. "నువ్వు ఏడు సముద్రాలు దాటుతావా నాయనా, ముందు ఈ సభ గుమ్మం దాటు చూద్దాం" అన్నాడు రాజు. పుష్పకేతుడు చిన్నబుచ్చుకున్నాడు. అయినా ఆగలేదు. ఒక భటుణ్ణి అడిగి గుమ్మం కనుక్కుని మరీ వెళ్ళాడు.

కొండల్లో నడిచాడు, నడిచాడు. వాడికి పెద్ద కంగారేమీ పుట్టలేదు. వాడికి లోకమంతా ఎప్పుడూ ఇలాగే ఉండేది కదా! కానీ సముద్రం మాత్రం రావడం లేదు. దాహమేస్తోంది, కాళ్ళు పీకుతున్నాయి. ఒకచోట చీమలబారు ఒకటి ముందుకు వెళ్ళి, ఆగి, వెనక్కు వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్తోంది.

"చీమమ్మా చీమమ్మా, సముద్రానికి దారెటు?"

"సముద్రం సంగతి దేవుడెరుగు బాబూ, మా ఇల్లేదో మాకే తెలియడం లేదు" అంది ముందున్న చీమ. "మా పుట్ట కుప్ప పక్కన ఉండేది. కుప్ప కొండయింది. ఏ కొండ పక్కన అని వెతికేది? ఆ జడల మనిషి మా కంటే అన్యాయం. రోజూ వచ్చి కొండకొండకూ చెవి ఆనించి, నా ప్రాణమా, నా ప్రాణమా, నువ్వు ఇందులో ఉన్నావా అని ఏడుస్తాడు."

పుష్పకేతుడు నిలబడిపోయాడు. ప్రాణం చిలకలో కదా ఉండాలి? కొండలో వెతుకుతాడేమిటి? ఆలోచించేకొద్దీ వాడి బుర్ర మజ్జిగ చిలికినట్టయింది. దండం పెట్టి ముందుకు నడిచాడు. లేదా వెనక్కో, వాడికీ తెలియదు.

ఒక కొండ కొసన, ఒళ్ళు ముడుచుకుని, ఒక పచ్చటి చిలక కూర్చుని ఉంది. మెడలో బంగారు గొలుసు ముక్క వేలాడుతోంది.

"చిలకా చిలకా, నీలో మాంత్రికుడి ప్రాణం ఉందా?"

"ఛీ ఛీ, నాలో ఎందుకుంటుంది?" అని చిలక రెక్కలు దులిపింది. "అందరూ చిలకలోనే వెతుకుతారని వాడు తెలివి చూపించాడు. ప్రాణాన్ని ఒక వడ్లగింజలో పెట్టి, ఆ గింజకు నన్ను కాపలా పెట్టాడు. ఏడు సముద్రాల అవతల బంగారు పంజరం, అందులో నేను, నా ముందు ఒక గింజ. తినకూడదట! వడ్లగింజకు చిలకను కాపలా పెట్టేవాణ్ణి ఏమంటారు బాబూ?"

"నన్నడిగితే ఏం తెలుస్తుంది? నేనే తెలివితక్కువవాణ్ణి" అన్నాడు పుష్పకేతుడు. "తినేశావా?"

"తినలేదు, భయం. ముక్కున కరుచుకుని ఎగిరాను. ఏడు సముద్రాలు దాటాను. మీ నేల మీద పచ్చటి నారుమడులు చూసేసరికి ఆనందం పట్టలేక అబ్బో అన్నాను. అన్నానా, గింజ జారి నారుమడిలో పడింది. తీసుకుందామని దిగితే ఒక పిల్ల వడిసెలతో రాయి విసిరింది. ఒసే నీ ముక్కు పగల, అని తిట్టింది కూడా. వాడు ఆర్నెల్ల నిద్రలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేచి పంజరం చూసుకుని, నా జాడ పట్టి వచ్చిపడ్డాడు."

"ఏ నారుమడి?"

"అన్ని మళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి బాబూ!"

చిలక గోలగోలగా ఏడ్చింది. పుష్పకేతుడికీ ఏడుపొచ్చింది. మళ్ళు ఒక్కలాగే, కొండలు ఒక్కలాగే. కానీ తిట్టు? తిట్టు ఒక్కలాగే ఉండదు కదా అనుకున్నాడు. చిలకను భుజాన ఎక్కించుకుని ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. ఏ ఊరు అని అడగకండి, వాడికే తెలియదు.

అలా తిరిగి తిరిగి ఒక తాటాకు ఇంటి ముందు ఆకలితో చతికిలబడ్డాడు. లోపలినుంచి ఒక పిల్ల చీపురు పట్టుకుని రివ్వున వచ్చింది.

"ఒసే నీ ముక్కు పగల! మళ్ళీ వచ్చావా! ఇంకేం మిగిలిందని వచ్చావే?"

చిలక వణికిపోతూ పుష్పకేతుడి జుట్టులో దూరింది. "ఈవిడే, ఈవిడే" అని చెవిలో గొణిగింది.

"అమ్మాయీ, నీ పేరేమిటి? నేనెక్కడున్నాను?" అన్నాడు పుష్పకేతుడు.

"పేరు నూకాలు. ఎక్కడున్నావో తెలియకుండా మా వాకిట్లో ఎలా కూర్చున్నావు బాబూ?" అంది. కానీ వాడి ముఖం చూసి జాలిపడి, ఉడికించిన దుంపలు రెండు ఆకులో పెట్టి ఇచ్చింది. తింటూ సంగతంతా చెప్పాడు. నూకాలు చీపురు కింద పెట్టింది.

"నారు పీకేటప్పుడు మూలన ఒక్క మొక్క వదిలేశాను" అంది నెమ్మదిగా. "అదేం పెరగడమో, దుబ్బు కట్టి, ఊరందరికంటే ముందు పండింది. రాజ్యం మొత్తానికి తొలి కంకి మాదేనని మా అయ్య పొంగిపోయాడు. కానీ దాన్ని కుప్పలో వెయ్యలేదు కదా."

"మరేం చేశావు?"

నూకాలు పైకి చూసింది. పుష్పకేతుడూ పైకి చూశాడు. చూరుకు వేలాడుతూ వరికంకుల కుచ్చు, దాని మీద కిచకిచమంటూ పిచ్చుకలు.

అప్పుడే ఒక పిచ్చుక టుక్కున ఒక గింజ పొడిచింది. దూరంగా కొండల్లోంచి "అబ్బా!" అని కేక వినిపించింది. ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంకో పిచ్చుక టుక్కుమనిపించింది. "అమ్మా!" అని కేక. మూడో పిచ్చుక కూడా పొడిచింది. "ఓరి నాయనో!" అని కేక.

గింజ మొలకెత్తి కంకులైతే ప్రాణం మాత్రం ఒకచోట ఎలా ఉంటుంది? కొంత ఈ గింజలో, కొంత ఆ గింజలో. పిచ్చుకలు తిన్నంత మేరా వాడి బుర్ర ఖాళీ. అందుకే పాపం చూసిన కుప్పే చూశాడు!

ఊరు ఊరంతా పోగయింది. కబురందుకుని రాజుగారు పరుగున వచ్చాడు, ఇద్దరు కొడుకులూ వచ్చారు. కేక కేకకూ దగ్గరవుతూ మాంత్రికుడూ వచ్చాడు. కుచ్చును చూడగానే వాడికి సంగతి తెలిసిపోయింది. తాటిచెట్టంత మనిషి తాటికాయలా నేల మీద పడ్డాడు.

"రోకలి తెండి! దంచెయ్యండి!" అన్నాడు రాజు.

"దంచెయ్యండి!" అని జయకేతుడు. "దంచెయ్యండి!" అని మణికేతుడు. "దంచెయ్యండి!" అని ఊరంతా. ఎవరో రోలు దొర్లించుకొచ్చారు. రోకలి పుష్పకేతుడి చేతిలో పెట్టారు.

వాడు రోకలి పట్టుకుని, కుచ్చు వైపు చూసి, తల గోక్కున్నాడు.

"నాన్నగారూ, నాకొకటి అర్థం కావడం లేదు. దంచితే వీడు చస్తాడు, బాగుంది. మరి మనం ఏం చల్లుతాం?"

అందరూ తలెత్తి చూరు వైపు చూశారు. ఇన్నాళ్ళూ ఒక్క గింజ లేదు, ఒక్క గింజ లేదు అని గుండెలు బాదుకున్నారా, ఆ గింజలు ఇదిగో ఇక్కడ గాలికి ఊగుతున్నాయి. పిచ్చుకలవి కదా అని ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు. నూకాలు రోజూ దాని కిందనుంచే నీళ్ళకు వెళ్ళేది.

మాంత్రికుడు సందు దొరికిందని పుష్పకేతుడి కాళ్ళు పట్టుకున్నాడు. "బాబూ, నీ బాంచను, కొండలన్నీ మళ్ళీ వడ్లు చేసేస్తాను, నా ప్రాణం నాకిప్పించు!"

"చెయ్యి చూద్దాం."

వాడు కర్ర ఎత్తాడు. "ఓం, హ్రీం..." అని ఆగాడు. కళ్ళు తేలేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కొండలన్నిటిమీదా పచ్చగా గడ్డి మొలిచింది. మూడోసారి మొదలుపెట్టాడు. ఆ గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగింది. కొండ మాత్రం కొండే.

"తరవాత మాట ఏమిటో గుర్తురావడం లేదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎలా గుర్తొస్తుంది? ఆ మాట ఉన్న గింజ ఏ పిచ్చుక పొట్టలో ఉందో!

పుష్పకేతుడికి వాణ్ణి చూస్తే కోపం రాలేదు. దారి తెలియని ముఖం ఎలా ఉంటుందో వాడికి బాగా తెలుసు. కానీ వెనకాల ఆకలి ముఖాలు కూడా ఉన్నాయి. చూరు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పిచ్చుకమ్మా పిచ్చుకమ్మా, ఇది మీ వాటా. అడక్కుండా తీసుకోకూడదు. మిగిలింది విత్తనానికి ఇస్తారా?"

పెద్ద పిచ్చుక తల అటు వంచింది, ఇటు వంచింది. "ఇస్తాం. కానీ పండాక ముందు ముక్కు మాదే. ఏటేటా మాదే. మీరెంత ఆకలితో ఉన్నా సరే."

"మాట" అన్నాడు పుష్పకేతుడు. రాజుగారు కూడా కిరీటం తీసి "మాట" అన్నాడు.

"మట్టిలోనా? నా ప్రాణాన్ని బురదలో వేస్తారా?" అని మాంత్రికుడు గుండె పట్టుకున్నాడు.

"కిందటిసారి బురదలో పడే కదా తాతా అన్ని గింజలయ్యావు" అంది నూకాలు. "దాచుకున్నన్నాళ్ళూ ఒక్క గింజే కదా!"

తొలకరి పడింది. కొండల మధ్య మిగిలిన చిన్న మడిలో ఆ కాసిని గింజలూ చల్లారు. కాపలాకు ఎవరు? ఇంకెవరు, మాంత్రికుడే! మంచె మీదెక్కి, వడిసెల పట్టుకుని, పగలు లేదు, రాత్రి లేదు, ఎలుక వస్తే ఎలుకను, పంది వస్తే పందిని తరిమాడు. తన ప్రాణానికి తనకంటే శ్రద్ధగా కాపలా ఎవరు కాస్తారు? చిలక భయంభయంగా వచ్చి మంచె మీద కూర్చుంటే మాత్రం కసిరి, తరవాత పక్కకు జరిగి చోటిచ్చాడు.

మడి పండింది. తొలి కంకులు పిచ్చుకలకు కట్టారు. మిగతావన్నీ, నోరు కట్టుకుని, మళ్ళీ చల్లారు. రెండో పంటా చల్లారు. మూడో పంటకు ఊరూరా వడ్లొచ్చాయి, ఇంటింటా పొయ్యిమీద అన్నం కుతకుతలాడింది. ఆ రోజు మాంత్రికుడు కుతకుతకల్లా "అబ్బా, అమ్మా" అన్నాడు గానీ, ఏమీ చావలేదు. గాదెల్లో విత్తనం ఉంది కదా! అందరూ తినేకొద్దీ వాడికి మంత్రాలన్నీ మరుపుకొచ్చి, చివరకు ఒట్టి ముసలితాత మిగిలాడు. జడలు నూకాలే కత్తిరించింది.

కొత్త బియ్యం తలంబ్రాలతో పుష్పకేతుడికీ నూకాలుకూ పెళ్ళయింది. ఊరేగింపు బయలుదేరి కొండల మధ్య దారి తప్పి, సందెవేళకు మళ్ళీ పెళ్ళిపందిట్లోకే వచ్చింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఇంకోసారి భోంచేశారు. గజపాలుడు చిన్నకొడుక్కే పట్టం కట్టాడు. పుష్పకేతుడు తల నెరిసేదాకా రాజ్యం చేశాడు. ఏ పనైనా ఇది ఎలా అని పదిమందిని అడిగే చేశాడు.

ఏటా విత్తనాలు చల్లే రోజున మాత్రం మాంత్రికుడు మంచె దిగి, కర్ర ఊతంగా పట్టుకుని, రాజు దగ్గరకు వచ్చేవాడు.

"బాబూ, అన్నీ తినేయలేదు కదా? నన్ను కాస్త ఉంచారు కదా?"

"విత్తనం తినేసే రాజ్యం ఉంటుందా తాతా?" అని పుష్పకేతుడు గుప్పెడు గింజలు ఆయన చేతిలోనే పోసేవాడు. ముసలాయన వాటిని గుండెలకు ఒకసారి ఆనించుకుని, తనే బురదలోకి విసిరేవాడు.

ఆ కొండలు ఇప్పటికీ అలాగే ఉన్నాయట. వానల్లో పచ్చగా, ఎండల్లో గోధుమరంగుగా, చెట్టు మొలవక, ఒట్టి గడ్డితో, కొలిచేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న కుప్పల్లా ఉన్నాయట. ఆ వడ్లు తిన్నవాళ్ళ మనవలేనేమో మీరంతా, చెప్పులొకచోట పెట్టి ఇంకోచోట వెతుకుతారు. పోనీలెండి, అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. కథ గాదెకెక్కింది, పిచ్చుకలు గూటికెక్కాయి, మీరు పక్కలెక్కండి. అటు కాదురా నాయనా, నీ పక్క ఇటు!